హెవీ మెటల్ పుట్టిన ఊళ్ళో నాన్నతో ఆరు రోజులు

2025 జులై 5 రాత్రి ఇంగ్లండ్‌లో, బర్మింగ్‌హామ్‌లోని విల్లా పార్క్ స్టేడియం నుంచి హెవీ మెటల్ (బరువైన గిటార్ల రాక్ సంగీతం) బ్యాండ్ బ్లాక్ సబాత్ ఆఖరి కచేరీ ఆన్‌లైన్‌లో వస్తోంది. హైదరాబాద్‌లో మా ఇంటి హాల్లో సౌండ్ తగ్గించి చూస్తున్నాను. మంచినీళ్ళకు లేచిన నాన్న సోఫా వెనకాల నిలబడ్డాడు. అప్పుడే కెమెరా గిటారిస్టు టోనీ అయోమీ కుడిచేతి మీదికి వెళ్ళింది.

"ఆ రెండు వేళ్ళకీ ఏం తొడుక్కున్నాడ్రా?" అని అడిగాడు.

ఇరవై ఏళ్ళుగా ఈ సంగీతం వింటున్నాను. 2011 అక్టోబర్‌లో మెటాలికా బెంగళూరు వచ్చినప్పుడు రాత్రి బస్సెక్కి వెళ్ళి ప్యాలెస్ గ్రౌండ్స్‌లో నిలబడి విన్నాను. ఇన్నేళ్ళలో మా ఇంట్లో ఈ పాటల గురించి ఒకరు నన్ను అడిగిన మొదటి ప్రశ్న అదే. చెప్పాను. 1965లో, పదిహేడేళ్ళ వయసులో, రేకుల ఫ్యాక్టరీలో ఆఖరి రోజు పని చేస్తుండగా అయోమీ చెయ్యి రేకులు నొక్కే ప్రెస్ మిషన్‌లో పడింది. మధ్యవేలు, ఉంగరపు వేలు కొసలు పోయాయి. అతను ఎడమచేతి వాటం మనిషి, తీగలు నొక్కేది ఆ కుడిచేత్తోనే. గిన్నెలు తోముకునే లిక్విడ్ ప్లాస్టిక్ సీసా కరిగించి, వేలికి సరిపోయేలా తొడుగులు చేసుకుని, పైన తోలు ముక్క అంటించుకుని మళ్ళీ వాయించడం మొదలుపెట్టాడు.

నాన్న సోఫాలో కూర్చున్నాడు. కచేరీ అయ్యేదాకా లేవలేదు. తను బాలానగర్ ప్రెస్ షాపుల్లో 31 ఏళ్ళు పనిచేశాడు. ఎడమచేతి చూపుడువేలికి పై కణుపు లేదు.

జులై 22న గాయకుడు ఓజీ ఆస్బోర్న్ పోయాడు. మర్నాడు పొద్దున పేపర్లో ఆ వార్త ఉన్న పేజీ పైకి వచ్చేలా మడిచి నాన్న నా టీ కప్పు పక్కన పెట్టాడు. సెప్టెంబర్‌లో ఇంగ్లండ్‌లోనే రెడింగ్‌లో ఉండే అక్క దగ్గరికి ఎలాగూ వెళ్తున్నాం. "ఆ బర్మింగ్‌హామ్ కూడా చూసొద్దాం" అన్నాడు.

సెప్టెంబర్ 7, ఆదివారం: మేపుల్‌డరమ్

బ్లాక్ సబాత్ మొదటి ఆల్బమ్ 1970 ఫిబ్రవరి 13న, శుక్రవారం నాడు విడుదలైంది. అంతకు ముందు అక్టోబర్ 16న లండన్‌లో ఒక్క రోజులో, పన్నెండు గంటల్లో రికార్డ్ చేసేశారు. హెవీ మెటల్ ఎక్కడ మొదలైందంటే ఎక్కువమంది చూపించేది ఆ ఆల్బమ్‌నే. అట్ట మీద పాతబడ్డ ఒక నీటి మిల్లు, దాని ముందు నల్ల దుప్పటి కప్పుకున్న ఆడమనిషి, ఈ లోకానివి కాని రంగులు. ఇన్‌ఫ్రారెడ్ ఫిల్మ్ మీద తీయడం వల్ల వచ్చిన రంగులవి. ఆ మిల్లు అక్క ఇంటికి అరగంట దూరంలో ఉందని నాకు ఈ ప్రయాణం అనుకున్నాకే తెలిసింది. అక్క ఆ ఊళ్ళో ఏడేళ్ళ నుంచి ఉంటోంది, తనకూ తెలియదు.

బావ ఫోన్‌లో 'మేపుల్‌డరమ్ లాక్' అని కొట్టాడు. కారు పర్లీ అనే ఊళ్ళోకి తీసుకెళ్ళి థేమ్స్ ఒడ్డున ఆపింది. మేం వెళ్ళాల్సిన ఊరు ఎదుటి ఒడ్డున ఉంది. మధ్యలో వంతెన లేదు. పడవల లాకు ఈ ఒడ్డున, మిల్లు ఆ ఒడ్డున. కుక్కతో నడుస్తున్న ఒక పెద్దాయన మమ్మల్ని చూసి, మేం అడగకముందే, చుట్టూ తిరిగి వెళ్ళే దారి ఓపిగ్గా చెప్పాడు. రోజూ ఎవరో ఒకరికి చెబుతూనే ఉంటాడేమో. పాంగ్‌బోర్న్ మీదుగా విట్‌చర్చ్ వంతెన ఎక్కాం. అక్కడ ఇప్పటికీ టోల్ ఉంది. కిటికీలోంచి డబ్బులు తీసుకున్నావిడ నాన్నకు "గుడ్ మార్నింగ్" చెప్పింది. టోల్ గేటు దగ్గర ఇంత నెమ్మదిగా ఎవరూ పలకరించగా చూడలేదని నాన్న దారంతా అదే మాట.

మిల్లు చిన్నది. ఫొటోలో ఉన్న దిగులు ఇప్పుడు లేదు. చెక్క పలకలు బాగు చేశారు, నీళ్ళు తేటగా పారుతున్నాయి, బాతులు తిరుగుతున్నాయి. థేమ్స్ మీద ఇంకా పిండి పట్టే ఆఖరి మిల్లు ఇదే. లోపలికి వెళ్తే నేల సన్నగా అదురుతోంది. చెక్క పళ్ళున్న చక్రాలు ఒకదాన్నొకటి పట్టుకుని తిరుగుతున్నాయి. నాన్న ఆ చక్రాల దగ్గరే ఉండిపోయాడు. ఇనుప చక్రానికి చెక్క పళ్ళు ఎందుకు పెట్టారని బావకు చెప్పడం మొదలుపెట్టాడు. చప్పుడు తక్కువ, నిప్పురవ్వలు రావు, ఒక పన్ను విరిగితే అదొక్కటే మార్చుకోవచ్చు. పక్కనే నీళ్ళలో పెద్ద మర స్క్రూ లాంటి టర్బైన్ తిరుగుతూ కరెంటు తయారు చేస్తోంది. నేను మాత్రం అట్ట మీద ఆవిడ నిలబడిన చోటు ఏదై ఉంటుందా అని ఫోన్లో బొమ్మ పట్టుకుని అటూ ఇటూ తిరిగాను. ఆ చోటు దొరికాక కాసేపు ఎవరితో మాట్లాడబుద్ధి కాలేదు.

వచ్చేటప్పుడు అక్కడ పట్టిన గోధుమపిండి ఒక సంచి కొన్నాం. ఇంకా గోరువెచ్చగా ఉందని అక్క ఒడిలో పెట్టుకుంది.

సెప్టెంబర్ 8, సోమవారం: బర్మింగ్‌హామ్, బ్రాడ్ స్ట్రీట్

న్యూ స్ట్రీట్ స్టేషన్‌లో రైలు దిగి పైకి వస్తే ఎదురుగా పది మీటర్ల ఎత్తు ఇనుప ఎద్దు. 2022 కామన్వెల్త్ క్రీడల ప్రారంభోత్సవం కోసం చేసినది. తర్వాత జనం ఓటేసి దానికి పెట్టుకున్న పేరు ఓజీ. తల తిప్పుతుంది, తోక ఊపుతుంది. పిల్లలు దాని కింద గుంపుగా చేరి ఉన్నారు. ఒక రాక్ గాయకుడి పేరు ఊరి ఎద్దుకు పెట్టుకున్నారంటే ఆయన్ని ఎంత సొంతం చేసుకున్నారో అర్థమైంది.

స్టేషన్ వెనక సందులోనే క్రౌన్ అనే పాత పబ్ ఉంది. 1968లో జిమ్ సింప్సన్ (తర్వాత వీళ్ళ మొదటి మేనేజర్) దాని మేడ మీద బ్లూస్ క్లబ్ నడిపేవాడు. బ్లాక్ సబాత్ ఇంకా 'ఎర్త్' అనే పేరుతో ఉన్న రోజుల్లో వాయించింది అక్కడే. పబ్ మూతపడి పదేళ్ళు దాటింది. తలుపులకు పలకలు కొట్టేశారు. పది నిమిషాలు ఎదుటి పేవ్‌మెంట్ మీద నిలబడ్డాం. ఎంత పెద్ద సంగీతమైనా ఇలాంటి ఒక మేడ గదిలోనే మొదలవుతుంది. ఆ గదిని ఇలా వదిలేశారన్న బాధ నాకు అక్కడి నుంచి కదిలాక కూడా పోలేదు.

బ్రాడ్ స్ట్రీట్‌లో కాలువ మీది వంతెనకు 2019లో బ్లాక్ సబాత్ పేరు పెట్టారు. దాని మీద పొడవాటి స్టీలు బెంచీ, వెనక నలుగురి ముఖాలు: గీజర్ బట్లర్, ఓజీ, టోనీ, బిల్ వార్డ్. బర్మింగ్‌హామ్‌లో తయారైంది, 1968 అని రాసి ఉంది. ఫ్యాక్టరీలో బయటికొచ్చే సరుకు మీద ముద్ర వేసినట్టుగా! జులై 30న ఓజీ అంతిమయాత్ర ఈ వీధిలోనే సాగింది. బండి ఇక్కడే ఆగింది, ఇంటివాళ్ళు దిగి పూలు పెట్టారు. మేం వెళ్ళిన రోజు కూడా నాలుగైదు తాజా పూలగుత్తులు, ఒక చిన్న పిల్లవాడు గీసిన గబ్బిలం బొమ్మ ఉన్నాయి.

నాన్న బెంచీ మీద కూర్చోలేదు. బొటనవేలితో అంచంతా తడుముకుంటూ ఒక చివర నుంచి ఇంకో చివరకు నడిచాడు. "బర్ర్ (కోసిన అంచు మీద మిగిలే గరుకు) ఎక్కడా లేదు. చేసినవాడు శ్రద్ధగా చేశాడు" అన్నాడు. మా వెనక ట్రామ్ గంట కొట్టుకుంటూ పోయింది.

టీ తాగిన కొట్టులో కౌంటర్ దగ్గరావిడ నాకు కప్పు అందిస్తూ "ఇదిగో బ్యాబ్" అంది. ఇక్కడ తెలియనివాళ్ళను కూడా అలాగే పిలుస్తారు, మన 'నాయనా' లాగా. రెండు టీలు 5 పౌండ్ల 60. నాన్న 120తో హెచ్చవేసుకుని ఆఖరి చుక్కదాకా తాగాడు.

సెప్టెంబర్ 9, మంగళవారం: ఆస్టన్

నలుగురూ ఆస్టన్ పిల్లలే, ఒకరింటి నుంచి ఒకరింటికి నడిచి వెళ్ళేంత దగ్గరలో పెరిగారు. టోనీ, ఓజీ ఒకే బడిలో చదివారు. నలుగురికీ ఫ్యాక్టరీల గాలి తగిలింది. ఓజీ అమ్మగారు లూకస్ ఫ్యాక్టరీలో పనిచేసేది. కొడుకు కూడా అక్కడే కార్ల హారన్లు శ్రుతి చూసే పనిలో కొన్నాళ్ళు ఉన్నాడు. తర్వాత కబేళాలో చేశాడు, దొంగతనం కేసులో ఆరు వారాలు జైల్లోనూ ఉన్నాడు.

ఆస్టన్ స్టేషన్‌లో దిగి నేను దారి తప్పించాను. విల్లా పార్క్ వైపు వెళ్తున్నాననుకుని ఎదురు దిక్కుకు నడిపించాను. పావుగంట తర్వాత ఎక్స్‌ప్రెస్‌వే పక్కన తేలాం. లారీల హోరు, గోడకానుకుని ముళ్ళపొదలు. నాన్నకు డెబ్భై ఏళ్ళు, మోకాళ్ళ నొప్పులు. నాకు టెన్షన్ పట్టుకుంది. చిన్న వర్క్‌షాప్ ముందు సిగరెట్ కాలుస్తున్న కుర్రాణ్ణి అడిగితే లోపలికి వెళ్ళి నాన్నకు కుర్చీ తెచ్చి వేశాడు. లోపల ఏదో గ్రైండింగ్ నడుస్తోంది. నాన్న కుర్చీలో కూర్చుని కళ్ళు మూసుకుని, "బాలానగర్ లాగే ఉందిరా, అదే వాసన" అన్నాడు. కటింగ్ ఆయిల్ వాసన అది. చిన్నప్పుడు సాయంత్రం ఆరింటికి మా గుమ్మంలోకి వచ్చేది.

లాడ్జ్ రోడ్‌లో ఇళ్ళన్నీ ఎర్రటి ఇటుకలతో ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి. ఆరుగురు పిల్లల్లో ఓజీ నాలుగోవాడు. పెరిగింది ఇలాంటి ఒక చిన్న ఇంట్లోనే. అక్కడ ఇప్పుడూ మామూలు సంసారాలు ఉంటున్నాయి కాబట్టి ఫొటోలు తీయకుండా నడిచి వచ్చేశాం. విల్లా పార్క్ ఎర్ర ఇటుక గోడల ముందు మాత్రం చాలాసేపు ఉన్నాం. జులై 5న పార్కిన్సన్స్ జబ్బుతో నడవలేని ఓజీ సింహాసనంలో కూర్చునే పాడాడు. అసలు నలుగురూ కలిసి వాయించి అప్పటికి 20 ఏళ్ళు. మెటాలికా, స్లేయర్, గన్స్ ఎన్ రోజెస్ లాంటివాళ్ళంతా ముందు వాయించి, ఆ తర్వాత వేదిక వాళ్ళకు వదిలారు. నాలుగే పాటలు. వచ్చిన డబ్బు పార్కిన్సన్స్ సంస్థకు, పిల్లల ఆసుపత్రికి, తగ్గని జబ్బులున్న పిల్లలను చూసుకునే హాస్పిస్‌కు ఇచ్చారు. పుట్టిన వీధికి ఇంత దగ్గరగా వచ్చి సెలవు తీసుకున్న కళాకారులు ఎంతమంది ఉంటారు?

రాత్రి స్పార్క్‌బ్రూక్‌లోని లేడీపూల్ రోడ్‌లో బాల్టీ తిన్నాం. 1970లలో ఇక్కడి పాకిస్తానీ, కశ్మీరీ వంటవాళ్ళు తయారు చేసిన పద్ధతి ఇది. పల్చటి స్టీలు గిన్నెలో పెద్ద మంట మీద నూనెలో త్వరగా వండి, అదే గిన్నెను బల్ల మీద పెడతారు. మనం అన్నం అడిగితే వాళ్ళు నాన్ వైపు చూపిస్తారు. అది బల్ల సగం ఆక్రమించింది. యజమాని మీర్‌పూర్ వాళ్ళ మనిషి. నాన్న హైదరాబాదీ ఉర్దూలో "ఔర్ నక్కో" అనగానే పడీ పడీ నవ్వి, ఆ మాట మళ్ళీ అనిపించుకున్నాడు. బిల్లు 26 పౌండ్లు. ఖీర్‌కు డబ్బులు వేయలేదు.

తినడం అయ్యాక నాన్న ఖాళీ గిన్నెను రుమాలుతో తుడిచి దీపం కింద తిప్పి చూశాడు. అడుగు నుంచి అంచుదాకా సన్నటి నిలువు గీతలు. "డీప్ డ్రాయింగ్. రేకును డైలోకి నొక్కి గిన్నె చేస్తారు. డై అరిగింది, అందుకే గీతలు పడ్డాయి" అన్నాడు. గిన్నె కింద పెట్టి, "ఆ అబ్బాయిని ప్రెస్ మీద ఎవరు పెట్టారు?" అని అడిగాడు.

టోనీ అసలు పని వెల్డింగ్. ఆ రోజు ప్రెస్ మీద ఉండాల్సిన మనిషి రాలేదు. ఇతన్ని కూర్చోబెట్టారు. మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వెళ్ళి ఇంక వెళ్ళనంటే, పని పూర్తి చేసే రావాలని అమ్మ పంపించింది.

"అంతే. అలవాటు లేని మిషను" అన్నాడు నాన్న. "నాదీ నైట్ షిఫ్ట్ కాదు ఆ రోజు. వేరేవాడు రాలేదు."

ఈ సంగతి నాకు ఇప్పటిదాకా తెలియదు.

వేలు మానాక చలికాలంలో ఇనుము తగిలితే ప్రాణం పోయేదట. సైకిల్ ట్యూబ్ కత్తిరించి, సొల్యూషన్‌తో అతికించి, వేలికి తొడుగులు చేసుకున్నాడట. మొదటివి బిగుతై వేలు నల్లబడిందట. నాలుగో ఐదో సరిగ్గా కుదిరిందట. అప్పుడు గుర్తొచ్చింది. మా ఇంట్లో షేవింగ్ సామాను పెట్టే రేకు డబ్బాలో చిన్న చిన్న నల్ల రబ్బరు గొట్టాలు ఉండేవి. నేను వాటిని పెన్సిల్ చివర తొడిగి ఆడుకునేవాణ్ణి. అవేంటో ఎప్పుడూ అడగలేదు.

సెప్టెంబర్ 10, బుధవారం: మ్యూజియం

ఊరి మ్యూజియంలో ఓజీ మీద ప్రదర్శన నడుస్తోంది, ప్రవేశం ఉచితం. బంగారు రికార్డులు, గ్రామీ అవార్డులు, ఫొటోలు. ముసలి దంపతులు, నల్ల టీషర్టుల కుర్రాళ్ళు, బడిపిల్లలు ఒకే వరసలో మెల్లగా కదులుతున్నారు. నాన్న త్వరగా అలిసిపోయాడు. మధ్యాహ్నం నుంచి వాన. గదిలోనే ఉండిపోయాం.

ఆ ఖాళీలో 1971 నాటి మూడో ఆల్బమ్ పాట ఒకటి హెడ్‌ఫోన్లలో వినిపించాను. తెగిన వేళ్ళకు బరువు తగ్గడానికి అయోమీ మొదట బ్యాంజో తీగలు వేసి చూశాడు. తర్వాత తీగలను మూడు అరస్వరాలు కిందికి దించాడు. తీగ వదులైంది, వేలికి హాయి అయింది, గిటారు గొంతు బరువెక్కింది. ఆ తర్వాత వచ్చిన ఎన్నో బ్యాండ్లు ఆ బరువు కోసమే శ్రుతి దించుకున్నాయి. గాయానికి వెతుక్కున్న ఉపాయం కళకు వ్యాకరణమైపోయింది. నాన్న పాట సగం విని, "తీగ వదులైతే అదురు ఎక్కువసేపు ఉంటుంది" అన్నాడు.

సెప్టెంబర్ 11, గురువారం: డడ్లీ

74వ నంబరు డబుల్ డెక్కర్ పైన ముందు సీటు దొరికింది. హ్యాండ్స్‌వర్త్ సోహో రోడ్‌లో పంజాబీ బట్టల కొట్లు, మిఠాయి దుకాణాలు దాటి వెస్ట్ బ్రామ్‌విచ్ వచ్చాం. జూడాస్ ప్రీస్ట్ అనే ఇంకో మెటల్ బ్యాండ్ పుట్టింది ఈ చుట్టుపక్కలే. గాయకుడు రాబ్ హాల్‌ఫర్డ్ వాల్సాల్‌లో పెరిగాడు. బడి పక్కన ఫౌండ్రీ ఉండేదని, సమ్మెట్ల దెబ్బలకు క్లాసులో బల్లలు అదిరేవని చెబుతుంటాడు. 1980లో బ్రిటన్ ఉక్కు కార్మికులు మూడు నెలలు సమ్మె చేశారు. అది ముగిసిన ఏప్రిల్‌లోనే ఈ బ్యాండ్ 'బ్రిటిష్ స్టీల్' పేరుతో ఆల్బమ్ తెచ్చింది. అందులో వినిపించే ఒక లోహపు చప్పుడు కోసం వాళ్ళు స్పూన్లు, ఫోర్కుల ట్రేని పట్టుకుని ఊపారు. జంట గిటార్లు, తోలు బట్టలు, ఇనుప బొడిపెలు: ఇప్పుడు మెటల్ అనగానే కళ్ళ ముందుకొచ్చే రూపం వీళ్ళిచ్చిందే.

దిగేటప్పుడు ప్రతివాళ్ళూ డ్రైవర్‌కు థాంక్స్ చెప్పి దిగుతున్నారు. మూడో రోజుకల్లా నాన్నకూ అలవాటైంది.

డడ్లీలోని బ్లాక్ కంట్రీ మ్యూజియానికి టికెట్ మనిషికి 20 పౌండ్లు దాటింది. పాత వీధులు, కొట్లు, గని ఉన్నవి ఉన్నట్టు కట్టి పెట్టారు. ఊరించే చేపల వేపుడు వాసనకు వరసలో నిలబడ్డాం. తీరా అడిగితే గొడ్డు కొవ్వులో వేయిస్తారని తెలిసింది. పక్క బేకరీలో బన్నులు తిన్నాం.

ఇనుప గొలుసులు చేసే పెంకుటింటి దగ్గర అసలు వచ్చిన పని అయింది. కమ్మరి కొలిమిలోంచి ఎర్రటి కడ్డీ తీసి, వంచి, ముందు లింకులో దూర్చి, రెండు కొసలూ కలిపి కొట్టాడు. రెండు పెద్ద దెబ్బలు, మూడు చిన్నవి, మళ్ళీ రెండు పెద్దవి. ఇనుము చల్లారేలోపు పని అయిపోవాలి కాబట్టి ఆ లయ తప్పడానికి వీల్లేదు. క్రేడ్లీ హీత్‌లో ఈ పని ఇళ్ళ వెనక పాకల్లో ఆడవాళ్ళు చేసేవాళ్ళు. 1910లో కూలి కోసం పది వారాలు సమ్మె చేసి గెలిచారు. స్టేషన్‌లో చూసిన ఎద్దును ప్రారంభోత్సవంలో లాక్కొచ్చింది ఆ ఆడవాళ్ళ వేషాల్లో ఉన్నవాళ్ళే. నాన్న దెబ్బ దెబ్బకూ తల ఊపుతున్నాడు. ఇన్నేళ్ళూ నేను హెడ్‌ఫోన్లలో వెతుక్కున్నది నాన్న రోజూ చెవుల్లో మోసుకుని ఇంటికి తెచ్చాడనిపించింది.

సెప్టెంబర్ 12, శుక్రవారం: ఈస్ట్ హామ్, రెడింగ్

లండన్ మీదుగా తిరిగి వచ్చాం. ఈస్ట్ హామ్ హై స్ట్రీట్ నార్త్‌లో రస్కిన్ ఆర్మ్స్ ఉంది. 1970ల చివర్లో ఐరన్ మెయిడెన్ అనే మెటల్ బ్యాండ్ పేరు తెచ్చుకున్న పబ్ అది. ఇప్పుడు పబ్ కాదు. అదే వీధిలో ఎటు చూసినా మన పిల్లలు, దోసెల వాసన, తెలుగులో అద్దె గదుల ప్రకటనలు. ఎదురుపడిన ఇద్దరు విద్యార్థులను ఆ భవనం గురించి అడిగాను. రోజూ దాని ముందు నుంచే కాలేజీకి వెళ్తారట. చెప్పాక ఆగి ఫొటో తీసుకున్నారు.

సాయంత్రం అక్క మేపుల్‌డరమ్ పిండితో పుల్కాలు మొదలుపెట్టింది. పిండి ముదురు రంగు, కాస్త గరుకు. ఆ మిల్లు ముందు తీసిన అట్ట తాలూకు మొదటి పాట పెట్టాను. అది వాన చప్పుడుతో మొదలవుతుంది. దూరంగా చర్చి గంట. నాన్న లేచి పెరటి తలుపు తీసుకుని గబగబా బయటికి వెళ్ళాడు.

గిటారు అందుకుంది. మూడే స్వరాలు, నెమ్మదిగా. పిండి చేతులతో అక్క ఆగిపోయింది. చిన్నప్పుడు సంగీతం నేర్చుకున్న మనిషి. "స, పై స, తర్వాతది ప్రతిమధ్యమం కదరా! కల్యాణిలో ఎంత చల్లగా ఉంటుందో, ఇక్కడ చూడు ఎలా భయపెడుతోందో" అంది. పడమటి దేశాల్లో దీన్ని సైతాను స్వరమనేవాళ్ళని చెబుతుంటే నాన్న ఆరిన బట్టలన్నీ చేతుల మీద వేసుకుని లోపలికి వచ్చాడు.

"వాన ఏదిరా?" అన్నాడు.